హరిహర్ లేత్ కథ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ఒంగోలులో మా తాతగారు పెట్టిన లేత్ వర్క్స్‌ను ఇప్పుడు నేను నడుపుతున్నాను. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే షాఫ్టులు, బుష్‌లు, పుల్లీల పనే మాకు ఎక్కువ. ఈమధ్య పాత లేత్‌కు రంగు గీకించినప్పుడు హెడ్‌స్టాక్ (కమ్మీని పట్టి తిప్పే తల భాగం) మీద ‘ది మైసూర్ కిర్లోస్కర్ లిమిటెడ్, హరిహర్’ అన్న పేరుపలక బయటపడింది. కిర్లోస్కర్ అంటే మా వైపు ఆయిల్ ఇంజన్లు, నీళ్ళ మోటార్లే గుర్తొస్తాయి. వాళ్ళు లేత్‌లు కూడా చేశారా? ఆ కంపెనీ ఎలా పుట్టింది, ఇప్పుడు ఉందా?
— ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: చేశారు. ‘ఎంటర్‌ప్రైజ్’, ‘టర్న్‌మాస్టర్’ అన్న పేర్లతో వచ్చిన వాళ్ళ లేత్‌లు మీ తాతగారి తరం టర్నర్లకు (లేత్ మీద లోహపు ముక్కను తిప్పుతూ కోసి ఆకారం తెచ్చేవాళ్ళకు) బాగా పరిచయమైనవే. అయితే మీ పలక మీద ఉన్న కంపెనీ, మీరు చెప్పిన ఇంజన్లు, పంపులు చేసే కంపెనీలు ఒకటి కావు. ఒకే కుటుంబం వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు కాలాల్లో పెట్టిన వేర్వేరు సంస్థలవి. ఈ తేడా తెలియాలంటే లేత్‌ను కాసేపు పక్కన పెట్టి సైకిలు దగ్గర మొదలుపెట్టాలి.

లక్ష్మణరావు కాశీనాథ్ కిర్లోస్కర్ 1869లో బెల్గాం ప్రాంతంలోని గుర్లహొసూరులో పుట్టారు. బొమ్మలు వేయడం మీద ఇష్టంతో బొంబాయిలోని జె.జె. కళాశాలలో చేరారు గానీ, కొన్ని రంగుల మధ్య తేడా తన కంటికి తెలియడం లేదని అక్కడ బయటపడింది. చిత్రకారుడికి అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు. ఆయన వెనక్కి వచ్చేయకుండా, రంగులతో పనిలేని యంత్రాల డ్రాయింగు వైపు మళ్ళి, అది నేర్చుకుని, బొంబాయిలోనే విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్‌లో దాన్నే బోధించారు. ఆ తర్వాత అన్న రామచంద్రరావుతో కలిసి బెల్గాంలో సైకిళ్ళ దుకాణం నడిపారు. కిర్లోస్కర్ సంస్థలు తమ పుట్టిన సంవత్సరంగా చెప్పుకునే 1888 ఆ దుకాణానిదే. సైకిళ్ళు అమ్మడం, బాగుచేయడం, తొక్కడం నేర్పడం అన్నీ అక్కడే జరిగేవి.

దుకాణం నుంచి కార్ఖానాకు దారి వేసింది వ్యవసాయం. మొదట పశుగ్రాసం నరికే యంత్రాలు, ఆ తర్వాత ఇనుప నాగళ్ళు చేశారు. ఇనుప నాగలి తగిలితే నేలకు విషం ఎక్కుతుందని రైతులు భయపడ్డారనీ, తొలి నాగళ్ళు అమ్ముడుపోవడానికి రెండేళ్ళు పట్టిందనీ ఆ కుటుంబ చరిత్రలో తరచు చెప్పుకునే మాట. ఇక్కడ నాదొక చిన్న సందేహం. కొయ్య నాగలికైనా కర్రు ఇనుపదే కదా; కర్రుతో ఎక్కని విషం నాగలితో ఎందుకెక్కుతుంది? రేగడి నేల దున్నే మన ఒంగోలు వైపు రైతును అడిగినా అసలు భయం మరొకటని చెబుతాడనుకుంటాను. కొయ్య నాగలి విరిగితే ఊళ్ళో వడ్రంగి పూటలో సరిచేస్తాడు, కర్రు మొండిపోతే కమ్మరి సాగగొడతాడు. పోతపోసిన ఇనుప నాగలి పొలంలో విరిగితే ఎవరి దగ్గరికి పోవాలి? విడిభాగాలూ, బాగుచేసేవాళ్ళూ అందుబాటులో లేని యంత్రాన్ని ఏ రైతూ నమ్మడు, ఆ రోజుల్లోనైనా ఈ రోజుల్లోనైనా.

నాగళ్ళకు గిరాకీ కుదురుకునే సమయానికి కిర్లోస్కర్లను వాళ్ళున్న చోటు ఖాళీ చేయమని బెల్గాం మున్సిపాలిటీ చెప్పింది. అప్పుడు ఔంధ్ సంస్థానాధిపతి బాలాసాహెబ్ పంత్ ప్రతినిధి ఆదుకుని, పదివేల రూపాయల అప్పుతో పాటు కుండల్ రోడ్ రైల్వే స్టేషన్ దగ్గర 32 ఎకరాల బీడు ఇచ్చారు. నాగజెముడు, పాములు తప్ప ఏమీ లేని ఆ నేలను బాగుచేసి 1910లో కట్టుకున్న ఊరే నేటి సాంగ్లీ జిల్లాలోని కిర్లోస్కర్‌వాడి. కార్ఖానాతో పాటు ఇళ్ళూ, బడీ కట్టారు. అంటరానితనం పాటించడానికి వీల్లేదన్నారు. జైలుకు వెళ్ళివచ్చిన వాళ్ళను కాపలాదారులుగా పెట్టుకున్నారు. 1920లో కిర్లోస్కర్ బ్రదర్స్ లిమిటెడ్ కంపెనీగా నమోదైంది. అదే సంవత్సరం ఆ కుటుంబానికి చెందిన శంకరరావు ‘కిర్లోస్కర్ ఖబర్’ అనే మరాఠీ పత్రిక మొదలుపెట్టారు. నాగళ్ళ కార్ఖానా కబుర్లతో మొదలైన ఆ పత్రిక తర్వాత మరాఠీ పాఠకులు ఎదురుచూసే సాహిత్య మాసపత్రికగా ఎదిగింది. పత్రిక నడపడం ఎంత కష్టమో తెలిసిన వాళ్ళం కనుక ఈ విషయం చెప్పకుండా ఉండలేకపోయాము.

ఇక మీ లేత్ సంగతి. నాగలి కర్రును సుత్తితో సాగగొట్టవచ్చు గానీ, పంపు షాఫ్టును అలా చేయలేము. షాఫ్టు బేరింగులో బిగువుగా, అయినా తేలిగ్గా తిరగాలంటే దాన్ని లేత్ మీద తిప్పి, అంగుళంలో వెయ్యో వంతు లెక్కన కొలిచి తీయాలి. ఏ కార్ఖానా అయినా కొంత పెరిగాక తన సరుకు ఎంత బాగుంటుందన్నది తన దగ్గరున్న లేత్‌లు ఎంత బాగుంటాయన్న దాని మీదే ఆధారపడుతుంది. అప్పట్లో మంచి లేత్‌లన్నీ ఎక్కువగా ఇంగ్లండు, జర్మనీ, అమెరికాల నుంచి రావలసిందే. రెండో ప్రపంచ యుద్ధం రావడంతో ఆ దారి మూసుకుపోయింది. అక్కడ తయారైన ప్రతి యంత్రమూ ఆయుధ కర్మాగారాలకే పోయింది. ఆ పరిస్థితిలో, 1941లో, నాటి మైసూరు సంస్థానంలోని హరిహర్‌లో, తుంగభద్ర ఒడ్డున, లేత్‌ల తయారీకని ప్రత్యేకంగా మైసూర్ కిర్లోస్కర్ వెలిసింది. మన నెల్లూరు తిక్కన గారు కొలిచిన హరిహరనాథుడి పేరే ఆ ఊరికీ ఉంది. సగం హరుడు, సగం హరిగా చెక్కిన మూర్తి ఉన్న పాత గుడి అక్కడ నేటికీ చూడవచ్చు.

యుద్ధం ముగిశాక 1946లో బెంగళూరులో మోటార్లు, విద్యుత్ పరికరాల కోసం కిర్లోస్కర్ ఎలక్ట్రిక్, పుణెలో డీజిల్ ఇంజన్ల కోసం కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ వచ్చాయి. లక్ష్మణరావు కుమారుడు, అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1926లో మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి వచ్చిన శంతనురావు ఈ విస్తరణకు ముందుండి నడిచారు. లక్ష్మణరావు 1956లో కన్నుమూశారు. మన పొలాల్లో బావుల గట్ల మీద డుబుడుబుమన్న ఇంజన్లు పుణె సంస్థవి, పంపులు కిర్లోస్కర్‌వాడి సంస్థవి, మీ లేత్ హరిహర్ సంస్థది. మొదటి రెండూ నేటికీ నడుస్తున్నాయి. హరిహర్ కంపెనీ మాత్రం కొత్త శతాబ్దం మొదటి ఏళ్ళలో మూతపడింది.

ఎందుకు మూతపడిందన్న ప్రశ్నకు ఎవరో ఒకరిని తప్పుపట్టి ఊరుకోవడం తేలికే గానీ, ఈ వ్యాపారం స్వభావాన్ని ముందు చూడాలి. పంపు అరిగితే రైతు ఆ ఏడాదే కొత్తది కొంటాడు, లేత్ అరిగినా టర్నరు దాన్ని ఇరవై ఏళ్ళు నెట్టుకొస్తాడు. పరిశ్రమలకు గడ్డుకాలం వస్తే మొట్టమొదట ఆగిపోయేవి కొత్త యంత్రాల ఆర్డర్లు. మంచికాలం వచ్చాక చిట్టచివర తిరిగి మొదలయ్యేవీ అవే. దానికి తోడు 1953లో బెంగళూరులో కేంద్ర ప్రభుత్వం స్విట్జర్లాండుకు చెందిన ఓర్లికాన్ సహకారంతో హెచ్.ఎం.టి.ని స్థాపించింది, సికింద్రాబాదులో 1943 నుంచే ప్రాగా టూల్స్ ఉంది. దిగుమతుల మీద గట్టి కట్టడి ఉన్నంతకాలం వీటన్నిటికీ చోటు దొరికింది. 1991 తర్వాత సుంకాలు తగ్గి విదేశీ యంత్రాలు రావడం, అదే సమయానికి కంప్యూటరుతో నడిచే సి.ఎన్.సి. యంత్రాలు పెద్ద ఫ్యాక్టరీల్లో చేతి లేత్‌ల చోటును ఆక్రమించడం రెండూ కలిసివచ్చాయి. ప్రభుత్వ సంస్థలే ఆ దెబ్బకు కుంగిపోయాయన్నది గుర్తుంచుకుంటే, హరిహర్ కంపెనీ కథను కేవలం ఒక కుటుంబ వ్యవహారంగా చూడలేము.

ప్రశ్న: ‘మెషిన్ టూల్’ అన్న మాట పత్రికల్లో తరచు చదువుతున్నాను. రెంచీ, సుత్తి కూడా టూల్సే కదా. మా చిన్నప్పుడు మంచంకోళ్ళు, బొంగరాలు చేసే తరిమెనను కూడా మెషిన్ టూల్ అనవచ్చా?
— ఒక పాఠకురాలు, ఉదయగిరి

జవాబు: చేతిలో పట్టుకుని వాడేది పనిముట్టు మాత్రమే. లోహాన్ని కోసి, తొలిచి, చెక్కి, అరగదీసి కావలసిన ఆకారానికి తెచ్చే, మోటారు వంటి శక్తితో నడిచే యంత్రాన్నే మెషిన్ టూల్ అంటారు. లేత్, డ్రిల్లింగ్ మిషన్, మిల్లింగ్ మిషన్, గ్రైండింగ్ మిషన్ ఇవన్నీ ఆ జాతివే. ఇతర యంత్రాలన్నీ వీటితోనే తయారవుతాయి, ఇవి కూడా వీటితోనే తయారవుతాయి.

తరిమెన లేత్‌కు పూర్వరూపమే. చెక్కవలసిన ముక్కను తిప్పడం రెండింటిలోనూ ఉంది. తేడా అంతా ఉలిని ఎవరు పట్టుకుంటారన్న దానిలో ఉంది. తరిమెన మీద ఉలి మనిషి చేతిలో ఉంటుంది. చేయి ఒణికితే బొంగరం నడుము సన్నబడుతుంది. మీ ఉదయగిరి కొయ్య చెంచాలను చూడండి, ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు, వాటి అందమే అది. కానీ బోల్టుకూ నట్టుకూ ఆ అందం పనికిరాదు. ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతంలో చేసిన లేత్‌లో కోసే పనిముట్టు మనిషి చేతిలోంచి ఇనుప బండి మీదికి మారింది. పొడవైన మరమేకు ఒకటి ఆ బండిని లాగుతుంది, గేర్లు ఆ మరమేకునూ తిరుగుతున్న కమ్మీనీ జతపరుస్తాయి. దాంతో ఎన్నిసార్లు కోసినా ఒకే మర వస్తుంది. మన లేత్‌ల మీద నేటికీ ఉన్న క్యారేజ్, లీడ్ స్క్రూ అవే. తన వర్క్‌షాపులో వివాదం వస్తే తీర్పు చెప్పడానికి మాడ్‌స్లే ఒక కొలత పరికరాన్ని చేసుకుని, దానికి ఇంగ్లండులోని అత్యున్నత న్యాయాధికారి పదవి పేరైన ‘లార్డ్ ఛాన్సలర్’ అని పేరు పెట్టుకున్నారు. ఆ కొలతే ఆఖరి తీర్పు, దాని మీద అప్పీలు లేదు.

అంతకు పాతికేళ్ళ ముందే జాన్ విల్కిన్సన్ ఫిరంగి గొట్టాలు తొలవడానికి 1774లో ఒక కొత్త పద్ధతి కనిపెట్టారు. ఆవిరి యంత్రానికి రూపమిచ్చిన జేమ్స్ వాట్‌కు సరిగ్గా గుండ్రంగా ఉన్న సిలిండరు దొరకక ఏళ్ళ తరబడి పని ఆగిపోయింది. విల్కిన్సన్ తొలిచిన 50 అంగుళాల సిలిండరులో ఎక్కడా ఒక పాత షిల్లింగు బిళ్ళ మందమంత తేడా కూడా రాలేదని వాట్ భాగస్వామి బోల్టన్ సంబరపడ్డారు. ఇప్పటి టర్నరుకు అది నవ్వొచ్చే లెక్క. అయినా ఆ మాత్రపు సిలిండరు కుదరకపోతే వాట్ యంత్రం కాగితం మీదే ఉండిపోయేది.

ప్రశ్న: నేను ఐ.టి.ఐ.లో టర్నర్ ట్రేడు చదువుతున్నాను. మా ఊళ్ళో ఒక వర్క్‌షాపులో పాత లేత్‌తో పాటు 127 పళ్ళున్న పెద్ద గేరొకటి విడిగా ఉంది. ఎందుకని అడిగితే ‘మిల్లీమీటరు మరలకు’ అన్నారు గానీ కారణం చెప్పలేకపోయారు. 127 ఏమిటి, 125 ఎందుకు కాకూడదు?
— ఒక విద్యార్థి, కావలి

జవాబు: అంగుళం అంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు. ఆ దశాంశం పోవాలంటే 5తో హెచ్చించాలి, 127 వస్తుంది. 127ను ఇంకా చిన్న సంఖ్యలుగా విడగొట్టలేము, అది ప్రధాన సంఖ్య. కాబట్టి అంగుళాల లీడ్ స్క్రూ ఉన్న లేత్ మీద ఏమాత్రం తేడా లేకుండా మిల్లీమీటరు మర కోయాలంటే 127 పళ్ళ గేరు తప్పదు. అంత పెద్ద గేరుకు చోటు చాలని లేత్‌లలో 63 పళ్ళ గేరుతో సరిపెడతారు. దాంతో అంగుళం 25.4 బదులు 25.397 మిల్లీమీటర్లుగా లెక్కకు వస్తుంది, వంద మిల్లీమీటర్ల పొడవు మరలో వచ్చే తేడా మిల్లీమీటరులో నూరో వంతు కంటే కొంచెం ఎక్కువ. నట్టుకు అది లెక్కలోకి రాదు.

ఆ లేత్‌లో అంగుళాల లెక్క ఎందుకుందంటే, మన వర్క్‌షాపులు బ్రిటిషువారి మరల మీద పెరిగినవి. మాడ్‌స్లే దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన 55 డిగ్రీల మరే ఇక్కడ చాలాకాలం నడిచింది. మెట్రిక్ మర కోణం 60 డిగ్రీలు. మెట్రిక్ కొలతలకు మన చట్టం 1956లో వచ్చి, 1958 అక్టోబరు నుంచి అమలు మొదలైనా, నట్లు, బోల్టులు మారడానికి మరో తరం పట్టింది. మరో మాట, ఇది మీ మాస్టారు కూడా చెప్పే ఉంటారు: అంగుళాల లేత్ మీద మిల్లీమీటరు మర కోస్తున్నప్పుడు మధ్యలో హాఫ్ నట్ (లీడ్ స్క్రూను పట్టుకుని క్యారేజ్‌ను నడిపించే రెండు ముక్కల నట్టు) తీయకండి. తీస్తే, మళ్ళీ వేసినప్పుడు పాత గాడి దొరకదు. మోటారును వెనక్కి తిప్పి క్యారేజ్‌ను వెనక్కి తెచ్చుకోవాలి.

ప్రశ్న: మెషిన్ టూల్స్ అంటే ప్రభుత్వ రంగమో, పెద్ద కార్పొరేట్ సంస్థలో చేయగల పని అనుకున్నాను. బయటి దేశాల్లో కూడా ఇవి కుటుంబాలు మొదలుపెట్టినవేనా?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని, నెల్లూరు

జవాబు: పేరున్న వాటిలో చాలా అలా మొదలైనవే, వాటిలో కొన్ని లేత్‌తో కాక మరేదో పనితో మొదలైనవి. అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో 1833లో డేవిడ్ బ్రౌన్, ఆయన కొడుకు జోసెఫ్ కలిసి గడియారాలు బాగుచేసే దుకాణం పెట్టారు. 1848లో పని నేర్చుకోవడానికి చేరిన లూసియన్ షార్ప్ ఐదేళ్ళకు భాగస్వామి అయ్యారు, అదే బ్రౌన్ అండ్ షార్ప్. అమెరికా అంతర్యుద్ధ కాలంలో తుపాకుల తయారీకి డ్రిల్లు బిట్లు కావలసివచ్చాయి. బిట్టు మీద మెలికలు తిరిగే గాడిని అప్పట్లో ఆకురాయితో చేత్తో తీసేవాళ్ళు. ఒక్కో బిట్టుకు ఎంత సమయం పడుతుందో, ఎన్ని పాడవుతాయో మీరే ఊహించుకోండి. ఆ గాడిని యంత్రంతో తీయడానికి జోసెఫ్ బ్రౌన్ 1862లో చేసినదే యూనివర్సల్ మిల్లింగ్ మిషన్. 1867లో పారిస్ ప్రదర్శనలో ఫ్రెంచివారి మైక్రోమీటరు (సన్నని మందాలను కొలిచే పరికరం) ఈ ఇద్దరి కంట పడింది. దాన్ని మెరుగుపరచి మరుసటి ఏడాదే తమ పేరుతో మార్కెట్టులోకి తెచ్చారు. మీ కాలేజీ వర్క్‌షాపులో చేతికిచ్చే మైక్రోమీటరు ఆ వంశంలోదే. షార్ప్ కుటుంబం తరాలపాటు నడిపిన ఆ కంపెనీ కొలత పరికరాల విభాగం 2001లో మరొకరి చేతికి పోయింది, పేరు మాత్రం ఆ పరికరాల మీద మిగిలింది.

జపానులో సదాకిచి యమజాకి 1919లో నగోయాలో వంటపాత్రలతో మొదలుపెట్టి, చాపలల్లే యంత్రాలు, వడ్రంగి యంత్రాలు దాటుకుని లేత్‌లకు వచ్చారు. నేడు మజాక్ పేరుతో ప్రపంచమంతా తెలిసిన ఆ కంపెనీ ఇప్పటికీ ఆ కుటుంబానిదే. దగ్గరలో చూడాలంటే కోయంబత్తూరు వెళ్ళండి. అక్కడ నూలు మిల్లులు నడిపిన కుటుంబం 1962లో, స్విట్జర్లాండుకు చెందిన రీటర్ సహకారంతో, నూలు వడికే యంత్రాల కోసం లక్ష్మీ మెషిన్ వర్క్స్‌ను స్థాపించింది, 1988లో సి.ఎన్.సి. యంత్రాల విభాగం తెరిచింది. నాగలి, గడియారం, చాప, నూలు — వీళ్ళంతా మొదట మరొకరి అవసరం తీర్చబోయి, దానికి తగిన యంత్రం తామే చేసుకోవలసివచ్చి ఈ రంగంలోకి వచ్చారు. ముందుగా లేత్‌ల మార్కెట్టును అంచనా వేసుకుని దిగినవాళ్ళ కంటే ఇలా వచ్చినవాళ్ళకే యంత్రం ఎక్కడ మొరాయిస్తుందో బాగా తెలుస్తుందని నా అభిప్రాయం.

ప్రశ్న: మాదీ హరిహర్ లేతే. రొయ్యల చెరువుల ఏరేటర్ షాఫ్టులు దీని మీదే తిప్పుతాము. ఈమధ్య పొడవాటి షాఫ్టు ఒక చివర లావుగా, ఒక చివర సన్నగా వస్తున్నది. పాత యంత్రాలు కొనే వ్యాపారి తుక్కు ధర ఇస్తానంటున్నాడు. అమ్మేయమంటారా?
— ఒక వర్క్‌షాపు యజమాని, నెల్లూరు

జవాబు: తేడా ఎక్కడుందో తేలకుండా అమ్మకండి. టెయిల్‌స్టాక్ (కమ్మీ రెండో చివరను ఆనించి పట్టే భాగం) పక్కకు జరిగినా ఇదే లక్షణం కనిపిస్తుంది, అది అరగంట పని. రెండు సెంటర్ల (కమ్మీ చివర్లను పట్టే మొనల) మధ్య ఒక కమ్మీ పెట్టి, దాని రెండు చివర్లలోనూ కొంచెం కొంచెం తిప్పి, మైక్రోమీటరుతో కొలవండి; టెయిల్‌స్టాక్ మరలతో సరిచేసి మళ్ళీ కొలవండి. రెండు చివర్లూ సమానమైనా మధ్యలో తేడా మిగిలితే, బెడ్ (క్యారేజ్ నడిచే ఇనుప పీఠం) అరిగి ఉండవచ్చు.

లేత్ బెడ్ అంతా ఒకేలా అరగదు. పని ఎక్కువగా చక్ (కమ్మీని బిగించి పట్టే దవడలు) దగ్గరే జరుగుతుంది కనుక అక్కడే అరుగుతుంది. దీన్ని చూడడానికి పరికరాలేమీ అక్కరలేదు: క్యారేజ్‌ను చక్ దగ్గరికి తెచ్చి, ఆట లేకుండా గిబ్ మరలు (క్యారేజ్‌ను బెడ్‌కు ఆనించి వదులు తీసే మరలు) బిగించి, అలాగే టెయిల్‌స్టాక్ వైపు చేత్తో నడపండి. సాఫీగా పోతే అరుగుదల తక్కువే. సగం దూరంలో బిగుసుకుపోతే ఎక్కువ. ఎక్కువగా ఉన్నా, బెడ్ గ్రైండింగ్ చేయించి, క్యారేజ్ అడుగుభాగాన్ని నీలిరంగు పూసి చూసుకుంటూ చేత్తో గీసి కూర్చేవాళ్ళు దొరికితే ఆ లేత్ మరో తరం పనిచేస్తుంది. కంపెనీ లేదని విడిభాగాల గురించి బెంగపడనక్కరలేదు. హాఫ్ నట్ లాంటివి కొలత ఇస్తే ఏ మంచి వర్క్‌షాపు అయినా చేసి ఇస్తుంది, మీరు చేసుకున్నా చేసుకోగలరు. గ్రైండింగ్ ఖర్చును తుక్కు ధరతో పోల్చకండి. ఆ బరువూ, ఆ పొడవూ ఉన్న మరో లేత్ ధరతో పోల్చి చూసుకోండి. పంపేముందు పేరుపలకను మాత్రం ఊడదీసి దాచిపెట్టండి. రంగు వేసేవాళ్ళు మొదట దాని మీదే కొడతారు.